ఎంగిలి చెప్పు సాక్ష్యము



గడచిన శ్రావణమాసమున నొకనాటి సాయంకాలము నేను దీపము వెలిగించి లేచునప్పటికి మా పొరుగింటి పెద్దమ్మ వాకిట నిలిచియుండెను. మాది పాతబస్తీలో గౌలిపురా. మా సందులోని యిండ్లు గోడకు గోడ యానియుండును. ఒకరి యింటి దగ్గు మఱియొకరి యింట వినవచ్చును. అందుచేత ఆమె మనుమరాలికి ముందురాత్రి నుండి జ్వరము కాయుచున్నదని నాకప్పటికే తెలియును. ఆ పిల్లకు ఏడేండ్లు.

"బిడ్డా, ఉమ్మి చూచి డెంగీ చెప్పెదరట గదా! ఆ పరీక్ష యెక్కడ చేయుదురో మీ సారు నడిగి చెప్పవా? సూది యనగానే పిల్ల మంచము క్రింద దూరుచున్నది" అని ఆమె యడిగెను.

ఆ పిల్ల భయమునకు కారణము కలదు. నిరుడు వేఱొక జ్వరములో ఒకచోట రక్తము తీయువారు నరము దొరకక మూడు తావుల సూది గ్రుచ్చిరి. చేయి కమిలి నల్లబడి వారము దినములు నొచ్చెను. నాటి నుండి తెల్లకోటు కంటబడిన చాలును, పిల్ల చేయి చాపదు.

మా అత్తగారు లోపలి నుండి ఈ మాటలు విని, "ఎంగిలిలో రోగము కనబడుటయేమి? నాడి చూచిరి, నాలుక చూచిరి, రక్తము చూచిరి. ఇక ఉమ్మి యొక్కటియే మిగిలినది కాబోలు!" అనిరి.

ఒకరికి ఎంగిలి పరీక్షపై నిండు నమ్మకము. ఒకరికి నిండు అపనమ్మకము. ఆ రాత్రి నేనును మా వారును కూర్చుండి దీనిని గుఱించి చదివితిమి. మఱునాడుదయమున మాకు తెలిసిన యొక వైద్యురాలి నడిగితిని. ఇద్దఱు పెద్దల మాటలలోను కొంత సత్యము, కొంత పొరపాటు కలవని తెలిసినది. వర్షకాలము వచ్చినదనిన ప్రతి యింటను ఈ ప్రశ్న పుట్టవచ్చును గావున, నేను తెలిసికొన్నది ఈ నెల మీకు మనవి చేయుచున్నాను.

ఎంగిలికిని దోమకాటు జ్వరములకును గల సంబంధము మన నగరమునకు క్రొత్త కథ కాదు. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో సైనిక వైద్యుడైన రొనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అను మలేరియా రోగిని కుట్టిన దోమను కోసి సూక్ష్మదర్శినితో పరీక్షించి, దాని కడుపు గోడలో మలేరియా క్రిమిని కనుగొనెను. కుట్టించుకొన్న దోమ యొక్కింటికి ఒక అణా చొప్పున ఆ రోగికి ముట్టినదట! మఱుసటి యేట రాస్ కలకత్తాలో పక్షుల మలేరియాను శోధించుచు, ఆ క్రిములు దోమ యొక్క లాలాజల గ్రంథులను చేరుననియు, కుట్టునప్పుడు దాని యెంగిలితో కూడ క్రొత్త శరీరమున ప్రవేశించుననియు కనిపెట్టెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. మన నల్లకుంటలోని ఫీవరాసుపత్రి నేటికిని ఆయన పేరనే యున్నది.

మలేరియా క్రిమి వేఱు. డెంగీ, చికన్‌గున్యా, జికా జ్వరములను తెచ్చు వైరసులు వేఱు. దోమయు వేఱే. మలేరియా దోమ రాత్రివేళ కుట్టును. ఈ మూడు జ్వరములను మోయు ఏడిస్ దోమ పగటివేళ, ముఖ్యముగా ఉదయ సాయంకాలములందు కుట్టును. కాని రోగము ప్రయాణము చేయు దారి యొక్కటియే, అది దోమ యెంగిలి. డెంగీ రోగి రక్తము త్రాగిన దోమలో ఆ వైరసు పెరిగి, ఇంచుమించు 8 నుండి 12 దినములలో దాని లాలాజల గ్రంథులను చేరును. అటుపిమ్మట ఆ దోమ బ్రదికియున్నన్నాళ్లును రోగము నంటింపగలదు. దోమ యెంగిలి రోగమును మోసికొని వచ్చునది నిజమే. మఱి మనుష్యుని యెంగిలి ఆ రోగమును బయటపెట్టగలదా? మా పెద్దమ్మ యడిగిన ప్రశ్న యిదియే.

మన యిండ్లలో ఎంగిలి యనిన పట్టింపు మెండు. ఒకరు త్రాగిన లోటా మఱియొకరు తాకము. అయినను ధూర్జటి కవి తన శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున, బోయవాడైన తిన్నడు పుక్కిట నీరు తెచ్చి శివునకు అభిషేకము చేసిన కథ చెప్పినాడు. ఆ కథ జ్ఞాపకము చేసి, "భక్తికి లేని యెంగిలి విద్యకు మాత్రమేల, అత్తయ్యా?" అంటిని. మా అత్తగారు నవ్వి యూరకుండిరి. ఇంకొక మాటయు ఆమెకు చెప్పితిని. రోగి యెంగిలి వలన డెంగీ ఇతరులకు అంటదు. ఆ పిల్ల పళ్లెము వేఱు చేయుటయు, తోబుట్టువులను దగ్గఱకు రానీయకుండుటయు డెంగీకి మందు కాదు. ఆమెను దోమ కుట్టకుండ కాపాడుటయే తక్కినవారిని కాపాడుట.

ఇక నోటి నీటి సంగతి. మన నోట దినమునకు అర లీటరు మొదలు లీటరున్నర వఱకు లాలాజలము ఊరును. అందు నూటికి 99 పాళ్లు నీరే. మిగిలిన ఆ కొద్దిపాటి భాగములో గ్రంథులు స్వయముగా తయారుచేయు పదార్థములును, రక్తము నుండి చిగుళ్ల సందులగుండ కొంచెము కొంచెముగా ఊరి వచ్చు పదార్థములును ఉండును. అందువలననే రక్తములోని కొన్ని రోగచిహ్నములు నోటను కనబడుచున్నవి.

డెంగీ విషయమున వైద్యులు వెదకు చిహ్నములు మూడు విధములు. మొదటిది వైరసే. దాని యానవాలును ఆర్‌.టి.పి.సి.ఆర్‌. అను పరీక్ష పట్టును. రెండవది ఆ వైరసు శరీరమున విడుచు ఎన్‌.ఎస్‌.1 అను మాంసకృత్తు. మూడవది వైరసు నెదిరించుటకు మన శరీరము పుట్టించు యాంటీబాడీలు. వీనిలో ముందు కనబడునది ఐ.జి.ఎం., తరువాత చిరకాలము నిలుచునది ఐ.జి.జి. దొంగ, దొంగ జారవిడిచిన మూట, మేలుకొన్న ఊరివారు అని తలంచిన మనకు సులభముగా బోధపడును. ఈ మూడు విధముల చిహ్నములును లాలాజలమునందు దొరకినట్లు పరిశోధకులు చూపిరి. కావున పెద్దమ్మ విన్నమాట వట్టి పుకారు కాదు.

నోటి తడితో రోగము నెఱుగుట అన్నింటను క్రొత్తయు కాదు. ఇంగ్లండులో తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా అనుమానమున్న పిల్లల చిగుళ్లపై మెత్తని స్పాంజి పుల్లను రుద్ది, దానిని టపాలో ప్రయోగశాలకు పంపు ఏర్పాటు 1994 నుండి కలదు. కోవిడు కాలమున 2021లో నాగపురమునందలి నీరీ సంస్థవారు ఉప్పునీటితో పుక్కిలించి ఆ నీటినే పరీక్షించు పద్ధతిని తెచ్చిరి.

దోమకాటు జ్వరములలో జికా విషయమున లాలాజలము వలన మంచి మేలే కనబడినది. 2013, 2014 సంవత్సరములలో పసిఫిక్ మహాసముద్రమందలి ఫ్రెంచి పోలినీషియా ద్వీపములలో జికా వ్యాపించినప్పుడు, 182 మంది రోగుల రక్తమును లాలాజలమును రెండును పరీక్షించిరి. వారిలో 35 మందికి రక్తమున కనబడని వైరసు లాలాజలమున కనబడినది. 16 మందికి మాత్రము రక్తమున కనబడి లాలాజలమున కనబడలేదు. జికా గర్భిణి గర్భమందలి శిశువు మెదడునకు హాని చేయగలదు. మన దేశమున 2021లో కేరళమునను కాన్పూరునందును అది కనబడినది. కావున గర్భవతుల విషయమున ఇట్టి పరీక్ష విలువ యెంతయో మీరే యూహింపగలరు.

డెంగీ కథ యింత సుగమము కాదు. 2003లో నికరాగువా దేశపు పరిశోధకులు రోగుల లాలాజలమున డెంగీ యాంటీబాడీలను పట్టగలిగిరి. 2015లో సింగపూరు శాస్త్రజ్ఞులు లాలాజలములోని ఐ.జి.జి.ని ఇరువది నిమిషములలో చూపు కాగితపు పరికరము నొకదానిని ప్రకటించిరి. డెంగీ వైరసులు నాలుగు రకములు. ఒక రకము వచ్చి పోయిన వారికి వేఱొక రకము సోకినప్పుడు జ్వరము తీవ్రమగు భయము హెచ్చు. జ్వరము ఇది మొదటిసారియా రెండవసారియా యని తెలిసికొనుటకు ఐ.జి.జి. తోడ్పడును. కాని అదే 2015లో కంబోడియా పాస్తరు సంస్థ పరిశోధకులు రక్తము, లాలాజలము, మూత్రము మూడింటిని సరిపోల్చి చూచి, రక్తపరీక్షయే మేలని తేల్చిరి. రక్తము దొరకని పరిస్థితిలో మాత్రము తక్కిన రెండును అక్కరకు రావచ్చునని చెప్పిరి.

రక్తము కంటె నోటి నీరు వెనుకబడుటకు కారణములు కలవు. యాంటీబాడీలు రక్తమునందు కంటె లాలాజలమునందు వందల రెట్లు తక్కువ. ఉన్న కొద్దిపాటి చిహ్నములను నోటిలోని జిగురును జీర్ణద్రవములును చెఱచును. అన్నపు మెతుకు, తమలపాకు, వక్క, పొగాకు ఇవన్నియు పరీక్షకు అడ్డు. మా బస్తీలో పెద్దవారు పాన్ నమలక గడియ గడపరు గదా! అందుచేత లాలాజలమున డెంగీ "ఉన్నది" యని తేలిన నమ్మవచ్చునేమో కాని, "లేదు" అని వచ్చినంత మాత్రమున లేదని నమ్మరాదు. జ్వరమున్న పిల్లను పెట్టుకొని తప్పుగా "లేదు" అనుకొనుటకంటె ప్రమాద మేమున్నది? మన దేశపు జాతీయ కార్యక్రమమున డెంగీకి నిర్ణయించిన పరీక్షలు నేటికిని రక్తముతో చేయునవే. జ్వరము మొదటి దినముల నుండి ఎన్‌.ఎస్‌.1 ఎలైజా, అయిదు దినములు దాటిన పిమ్మట ఐ.జి.ఎం. ఎలైజా. ఇందుకై యేర్పఱచిన ప్రభుత్వాసుపత్రులలో ఇవి రుసుము లేకయే చేయుదురు.

ఇంకొక గొప్ప కారణమును వైద్యురాలు నాకు చెప్పినది. "డెంగీ అవునా కాదా యనునది సగము ప్రశ్నయే. పిల్ల క్షేమముగా నున్నదా యనునది తక్కిన సగము. రక్తము చిక్కబడుచున్నదా, ప్లేట్‌లెట్లు పడిపోవుచున్నవా యనునది రక్తమే చెప్పవలెను, నోరు చెప్పలేదు" అని ఆమె యనెను.

ఈ మాటలన్నియు పెద్దమ్మకు చెప్పితిని. ఆమె కొంత నిరాశపడెను. కాని సూది భయమును మాత్రము త్రోసివేయరాదని మేమిద్దఱమును అనుకొంటిమి. మంగళవారము పిల్లల రక్తము తీయుటలో చేయి తిరిగిన యొక యువతి యున్న చోటికి పోయితిమి. పోవుటకు ముందు పిల్లచేత నీరు ఎక్కువగా త్రాగించితిమి; చేతిని వెచ్చని గుడ్డతో కప్పితిమి; రెండును నరము పైకి తేలుటకు సాయపడును. "నొప్పి యుండదు" అని అబద్ధము చెప్పవలదని పెద్దమ్మను బతిమాలితిని. నేను పిల్లను ఒడిలో కూర్చుండబెట్టుకొని, "చీమ కుట్టినట్లు కొంచెము నొచ్చును, పది యంకెలు లెక్కపెట్టునంతలో అయిపోవును" అంటిని. పిల్ల యేడ్చినది, కాని చేయి లాగుకొనలేదు. ఆఱవ యంకె చెప్పునప్పటికి పని ముగిసెను. ఎన్‌.ఎస్‌.1 "ఉన్నది" అని వచ్చెను.

నాలుగు దినములు జ్వరము కాచి శుక్రవారమున దిగిపోయినది. పెద్దమ్మ యింట అందఱికిని పండుగయైనది. వైద్యురాలు ముందే హెచ్చరించియుండనిచో నేనును వారితో కూడ సంతోషించి యూరకుండెడిదానను. డెంగీలో జ్వరము దిగిన దినమే జాగ్రత్తపడవలసిన దినము. ఆ సాయంకాలమున పిల్ల కడుపు పట్టుకొని మూలిగెను, మూడుసార్లు వాంతియయ్యెను, పలుకరించిన పలుకక మగతగా పడియుండెను. వెంటనే ఆసుపత్రికి కొనిపోయిరి. అక్కడ రక్తము చూడగా చిక్కబడియున్నది, ప్లేట్‌లెట్లు తగ్గుచున్నవి. సకాలమున సెలైను ఎక్కించిరి. గంటగంటకు కనిపెట్టి చూచిరి. మూడు దినములకు పిల్ల లేచి కూర్చుండి చారన్నము అడిగినది. ఎంగిలి పరీక్ష కొఱకు ఎదురుచూచుచు కూర్చుండియుండినచో ఏమి జరిగియుండునో తలంచుటకే నాకు భయమగును.

అట్లని లాలాజల పరీక్షను నేను తీసిపాఱవేయుటలేదు. సూదిని భయపడు పిల్లలకు, నరము చిక్కని వృద్ధులకు, రక్తము తీయువారు లేని పల్లెలకు అది యొకనాడు వరమగును. అట్టి పరిశోధన కొఱకు ఎవరైన లాలాజలమడిగినచో సంకోచింపక యీయవలెను. అప్పుడు అరగంట ముందుగా ఏమియు తినక త్రాగక యుండవలెను. అప్పుడే పండ్లు తోమరాదు. చిగుళ్ల నుండి రక్తము కారిన పరీక్ష చెడును. కాఱి తెచ్చిన తెమడ పనికిరాదు. తల వంచి, నోట ఊరిన నీటిని మాత్రము గొట్టములోనికి జాఱవిడువవలెను. కాని నేడు, మన యింట, జ్వరపు పిల్ల యున్నప్పుడు, ఎంగిలి చెప్పు సాక్ష్యము సహాయ సాక్ష్యమే కాని తీర్పు కాదు.

రక్తమైనను లాలాజలమైనను పరీక్ష సరిగా పలుకవలెనన్నచో ఇల్లాలు చేయవలసిన పని యొకటి కలదు. అది జ్వరము మొదలైన దినమును వ్రాసియుంచుట. మా యింటనే మూడేండ్ల క్రిందట మా అబ్బాయికి జ్వరము వచ్చినప్పుడు, ఎన్ని దినములని యడిగిన వైద్యునకు "మూడు నాలుగు దినములు" అని చెప్పితిని. నిజమున కది యేడవ దినము. ఎన్‌.ఎస్‌.1 మొదటి అయిదు దినములలో బాగుగా కనబడి, పిమ్మట తగ్గిపోవును. పరీక్షలో "లేదు" అని రాగా మేము డెంగీ కాదని నిశ్చింతగా నుంటిమి. తరువాత ఐ.జి.ఎం. చూడగా డెంగీయే యని తేలినది. దైవానుగ్రహమున బాలుడు కోలుకొన్నాడు. తప్పు పరీక్షది కాదు, నా లెక్కది. నాటి నుండి మా వంటింటి క్యాలెండరునకు పెన్సిలు దారముతో కట్టియుంచితిని.

చివరకు కొన్ని మాటలు గుర్తుంచుకొనుడు. జ్వరమునకు పారాసిటమాల్ మాత్రమే, అదియు వైద్యులు చెప్పిన కొలతలో. ఆస్పిరిన్, ఐబుప్రొఫేన్ వంటివి రక్తస్రావమును పెంచును గావున ఈయరాదు. మజ్జిగ, గంజి, ఓ.ఆర్‌.ఎస్‌. నీరు తఱచుగా త్రాగింపుడు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి గాని ముక్కు నుండి గాని రక్తము, మగత, చికాకు, చేతులు చల్లబడుట, మూత్రము తగ్గుట ఇందేది కనబడినను, జ్వరము దిగినను సరే, ఆసుపత్రికి పోవలెను. రోగిని జ్వరపు దినములలో పగలు కూడ దోమతెరలో పరుండబెట్టుడు. ఆ దినములలోనే ఆమెను కుట్టిన దోమ రోగమును ఎత్తుకొనిపోవును. నల్లా నీరు దినదినము రాక డ్రమ్ములలో, హౌజులలో నింపుకొను మన బస్తీ యిండ్లలో, వారమున కొకనాడు నీరు ఒంపి, లోపలి గోడలను పీచుతో రుద్ది, ఆరబెట్టి, మూతపెట్టి నింపుకొనవలెను. ఏడిస్ దోమ గ్రుడ్లు గోడకంటి యుండును. ఎండినను నెలల తరబడి చావవు. కూలరు అడుగు నీటిని మఱువకుడు.

మా పొరుగింటి పిల్ల యిప్పుడు బడికి పోవుచున్నది. మొన్న మా అత్తగారికి చక్కెర పరీక్షకు రక్తము తీయుచుండగా ప్రక్కన నిలిచి, "అమ్మమ్మా, పది లెక్కపెట్టు, ఆఱు దగ్గఱనే అయిపోవును" అని ధైర్యము చెప్పినది. వాకిట నిలిచియున్న పెద్దమ్మ కన్నులు తుడుచుకొన్నది. మీ యింటి క్యాలెండరు దగ్గఱ పెన్సిలు ఉన్నదా యని ఈ పూటయే చూచుకొనుడు.